వరలక్ష్మికి ‘వి’ పెట్టాలా, ‘బి’ పెట్టాలా? సరిహద్దు ఊళ్ళలో పిల్లల పేరు స్పెల్లింగ్ సంగతి

పోయిన శ్రావణంలో మా మేనకోడలు ఒడిశాలోని రాయగడ నుంచి ఫోన్ చేసింది. "మావయ్యా, పాపకి ముత్తవ్వ పేరే పెడుతున్నాం, వరలక్ష్మి అని. అందులో గొడవేం లేదు. ఇంగ్లీషులో ఎలా రాయాలన్నదే మూడు రోజులై ఇంట్లో తేలట్లేదు. నువ్వే చెప్పు" అంది.

వాళ్ళ అత్తగారిది శ్రీకాకుళం. లక్ష్మి అంటే కె ఎస్ హెచ్ ఉండాల్సిందే అంటారావిడ. మామగారు జయపురంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఆయన జీవితమంతా ఎక్స్ పెట్టిన లక్ష్ముల్నే చూశారు. అల్లుడు ఒడియా మీడియం. "ఇక్కడ ఎలాగూ బరలక్ష్మీ అనే పిలుస్తారు కదా, బి పెట్టేస్తే పోలేదా?" అన్నాడట. ముగ్గురిదీ ఎవరి న్యాయం వాళ్ళది.

నాకు పర్లాకిమిడిలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. పందొమ్మిదేళ్ళుగా రోజూ పేర్లు టైపు చేయడమే పని. అసలు మా ఊరికే రెండు పేర్లు. మనకి పర్లాకిమిడి, స్టేషన్ బోర్డు మీద పారలాఖెముండి. పక్క జిల్లాలో బరంపురం ఒకరికి బెర్హంపూర్, ఇంకొకరికి బ్రహ్మపూర్. ఊళ్ళు ఎలాగో సర్దుకుపోతాయి, వాటికి పాన్ కార్డు అక్కర్లేదు. మనుషులకే చిక్కు.

నా సంగతే చెప్తాను. నా పేరు యోగేశ్వరరావు. నాన్న రాయించిన పొలం కాగితంలో వై తో మొదలవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో జె తో, జోగేశ్వర్ రావు అని ఉంటుంది. ఒడియాలో మాట మొదట్లో వచ్చే యకారాన్ని జ అని పలుకుతారు. యశోద జశోద అవుతుంది, యామిని జామిని అవుతుంది. బడిలో మాస్టారు తను విన్నట్టు రాశారు, ఆయన్ని తప్పు పట్టలేను. కానీ లోన్‌కి వెళ్తే ఈ ఇద్దరూ ఒకడేనని అఫిడవిట్ తెమ్మన్నారు. ఇప్పటికి నాలుగు తెచ్చాను. ఆ స్టాంపు పేపర్ల డబ్బులు లెక్కేస్తే ఒక పూట బారసాల భోజనాలు అయిపోయేవి.

ముందు ఈ చిన్న పరీక్ష

మన పేర్లు ఇక్కడ మూడు లిపుల్లో తిరుగుతాయి. ఇంట్లో తెలుగులో పిలుస్తాం, ఫారం ఇంగ్లీషులో నింపుతాం, ఆఫీసులో ఆ ఇంగ్లీషు చూసి ఒడియాలో వేస్తారు. ఒడియాలో వేసేవాళ్ళు మన ముత్తవ్వని ఎరగరు. వాళ్ళకి కనిపించేది ఇంగ్లీషు అక్షరాలే. అందుకని ఎవరొచ్చి అడిగినా నేను చెప్పేది ఒకటే: అనుకున్న స్పెల్లింగులన్నీ వేరువేరు చీటీల మీద రాయండి, ఆ పేరు తెలియని ఒడియా పిల్లకి ఇచ్చి ఒడియాలో రాయమనండి, తర్వాత పైకి చదివించండి. మీరు పిలిచే పేరుకి ఏది దగ్గరగా తిరిగొస్తే దాన్ని ఉంచుకోండి.

వరలక్ష్మికీ అదే చేశాను. ఆధార్ జిరాక్స్‌కి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి చేతిలో మూడు చీటీలు పెట్టాను. బి ఉన్నదాన్ని బరలక్ష్మీ అని రాసింది. వి ఉన్న రెండింటినీ, ఎక్స్ అయినా కె ఎస్ హెచ్ అయినా, భరలక్ష్మీ అని రాసింది. భ, ఒత్తుతో! "భ ఎందుకు రాశావమ్మా?" అని అడిగితే నావైపు వింతగా చూసి, "వి అంటే భ కదా" అంది.

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఒడియాలో సంస్కృతం నుంచి వచ్చిన వకారాన్ని బ అక్షరంతో రాసి బ అనే చదువుతారు. వాసుదేవుడు బాసుదేబ్, విశ్వనాథుడు బిశ్వనాథ్ అవుతారు. ఇంగ్లీషు మాటల్లోని వి కి మాత్రం భ వాడతారు. బరంపురంలో 1894లో పుట్టిన మన వరాహగిరి వెంకటగిరి గారిని ఒడియాలో పొట్టిగా రాస్తే ‘భి. భి. గిరి’ అనే వస్తుంది. వ శబ్దానికి విడిగా ఇంకో అక్షరం కూడా ఉంది, వార్డు లాంటి మాటలు దానితోనే రాస్తారు. పేర్లకి అది తట్టడం తక్కువ.

అలాగని ఇంగ్లీషులో బి పెట్టేస్తే సరిపోతుందా? పాప ఎప్పటికీ ఒడిశా దాటదనుకుంటే సరిపోతుంది. రేపు విశాఖపట్నంలో ఆసుపత్రికో, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకో వెళ్తే బి చూసి బరలక్ష్మి అంటారు, బారాలక్ష్మి అన్నా ఆశ్చర్యం లేదు. హిందీ వచ్చినవాళ్ళకి అది పన్నెండుగురు లక్ష్ములు. ఇంట్లో ఎవరూ పిలవని పేరు కాగితాల మీద ఎందుకు మొయ్యాలి? అందుకే నేను వి అన్నాను. ఇంగ్లీషులో వి ఉంచి, ఒడియా గడిలో బ వేయమని మనమే అడగాలి. భర అంటే ఒడియాలో బరువు, మనకీ భారమే. ఆడపిల్ల పేరులో ఆ మాట చూస్తే ఆ అత్తగారు ఊరుకోరు. బరలక్ష్మీ అంటే ఇక్కడివాళ్ళకీ వరాలిచ్చే తల్లే, అర్థం ఎక్కడికీ పోదు.

నక్షత్రం చూసి అక్షరం పెట్టేవాళ్ళకి ఇక్కడ బెంగ అక్కర్లేదు. పాపది రోహిణి రెండో పాదం, పంతులుగారు వా అన్నారు. ఒడియావాళ్ళ పంచాంగం, పంజికలో అదే పాదానికి బా అని ఉంటుంది. ఆ లెక్కలో వ, బ ఒకటే.

ఎక్స్ ఎందుకు కాకూడదు

ఇక కె ఎస్ హెచ్, ఎక్స్ తగువు. ఒడియాలోకి తిరిగి రాయడంలో రెండింటికీ తేడా లేదు, రెండూ క్ష అయ్యే వస్తాయి. పలకడంలో క్ష ఎలాగూ ఖ్య వైపు జారుతుంది, దానికి స్పెల్లింగ్ మందు లేదు. మార్గశిరంలో గురువారాలు మాణబసా పూజ చేసే ఇళ్ళలో అమ్మవారిని లఖ్మి అంటుంటే విని చూడండి. మనం శ్రావణ శుక్రవారం చేసే పూజా ఆవిడకే.

కాబట్టి ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి: మన పేరుని ఇతరులు టైపు చేసేటప్పుడు వాళ్ళ వేళ్ళు దేనికి అలవాటు పడ్డాయి అని. ఒడిశాలో ఎక్స్‌కే అలవాటు. మనం కె ఎస్ హెచ్ అని చెప్తూనే ఉంటాం, అవతల ఎక్స్ కొట్టేసి ఎంటర్ నొక్కేస్తారు. నా షాపులో దిద్దుబాటుకొచ్చే లక్ష్ముల్లో ఎక్కువమంది ఇలా రెండుగా చీలినవాళ్ళే, ఆధార్‌లో ఒకటి, మార్కుల లిస్టులో ఒకటి. పిల్ల రాయగడలోనే చదవబోతుంటే ఎక్స్ పెట్టడం తెలివైన పని. మూడక్షరాల బదులు ఒక్కటి, చిన్న గడుల్లో కూడా పడుతుంది. అత్తగారు మాత్రం "కిరాణా కొట్టు బోర్డులా ఉంది" అన్నారట. బోర్డు మీద లక్ష్మి ఉన్న కొట్టు బాగానే నడుస్తుందని చెప్పమన్నాను.

ఆంధ్రాలో ఉండే కుటుంబమైతే ఇదే నేను కె ఎస్ హెచ్ అనేవాణ్ణి.

త అంటే టి చాలు

ఇది మన తెలుగువాళ్ళ సొంత అలవాటు. లలిత, గీత, స్వాతి, సరిత, వీటన్నిటిలో త కి టి పక్కన హెచ్ తగిలిస్తాం. హెచ్ లేకపోతే లలిట అని చదువుతారని భయం. ఒడియాలోనూ హిందీలోనూ టిహెచ్ అంటే థ. అందుకే మన లలిత ఒడియా గడిలోకి వెళ్ళేసరికి లలిథా అయి కూర్చుంటుంది. గీథా, స్వాథీ కూడా చూశాను. హెచ్ తీసేస్తే ఆ బెడద లేదు, ఆంధ్రాలోనూ ఎవరూ సీతని సీట అనరు. తెలిసిన పేరు కాబట్టి నోరు దానంతటదే త పలుకుతుంది.

పాతకాలంలో మనవాళ్ళూ అంత హెచ్‌లు పెట్టేవారు కాదు. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష మీద రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. దాని మీద రామమూర్తి పేరులో టి, ఐ తప్ప హెచ్ లేదు. ఇప్పుడు అదే పేరు టి హెచ్ వై తో రాస్తున్నాం. వాడుక భాష కోసం అంత పోట్లాడిన మనిషి పేరుకి ఈ హెచ్ ఎప్పుడు అంటిందో.

ఒక్క జాగ్రత్త. బొత్తిగా కొత్త పేరైతే, ముఖ్యంగా త తో మొదలయ్యేదైతే, టి ని ట గా చదివే ప్రమాదం ఉంది. అప్పుడు చీటీ పరీక్ష తప్పనిసరి.

జ్ఞ వచ్చిందా, ఇక కూర్చోండి

ప్రజ్ఞ, జ్ఞానేశ్వరి, యజ్ఞశ్రీ. ఇవి అడిగినప్పుడు నాకు నిజంగానే టెన్షన్. మనం గ్న అంటాం, కాబట్టి జి ఎన్ రాస్తాం. ఒడియాలో గ్య అంటారు, జి వై రాస్తారు. మహారాష్ట్ర వాళ్ళు ద్న్య అంటారు, డి ఎన్ వై రాస్తారు. సిరొంచ వైపు బంధువులున్నవాళ్ళు ఒకే పేరుని శుభలేఖల్లో మూడు రకాలుగా చూసుంటారు. సంస్కృతం చదివినవాళ్ళేమో జె ఎన్ అంటారు. అది లిపిని బట్టి చూస్తే సరైనదే గాని, చదివేవాడు ప్రజ్‌నా అని నోరు తిప్పుకోలేక ఇబ్బంది పడతాడు.

చీటీ పరీక్షలో ప్రజ్ఞ జి ఎన్ తో వెళ్ళి ప్రగ్నా అయి వచ్చింది. గ కింద న ఒత్తు పెట్టారు, జ్ఞ అక్షరం ఆనవాలే లేదు. జి వై తో వెళ్ళింది మాత్రం ఒడియాలో అసలు జ్ఞ గానే తిరిగొచ్చింది. ఎందుకంటే వాళ్ళకి ఆ పేరు ఇంటింటా ఉంది. 2023లో చంద్రుడి మీద దిగిన రోవర్ పేరు ప్రజ్ఞాన్, దాన్నీ జి వై తోనే రాశారు. అప్పటి నుంచి తెలుగువాళ్ళు కూడా ఆ స్పెల్లింగ్ చూసి తడబడటం తగ్గింది. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో ఉండేవాళ్ళయితే జి వై పెట్టండి. శ్రీకాకుళంలో అమ్మమ్మ ప్రగ్య అని ఒకసారి చదువుతుంది, రెండోసారికి తనే సర్దుకుంటుంది. మనసొప్పకపోతే జ్ఞ లేని పేరు చూసుకోవడం మేలు. ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు, ఈ అక్షరంతో ఎవరూ పూర్తిగా గెలవలేదు.

కృ, హృ లాంటివాటిలో మాత్రం ఒడియావాళ్ళు మన నోటికే దగ్గర. మనం పలికేది క్రుష్ణ, రాసేది ఆర్ ఐ తో. వాళ్ళు పలికినట్టే ఆర్ యు రాస్తారు. మా మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీదే 1992లో మా జిల్లా ఏర్పడింది. ఆయన పేరు ఇక్కడ ఆర్ యు తో కనిపిస్తుంది, ఆర్ ఐ తో రాసినవాళ్ళూ ఉన్నారు. కృష్ణకి ఏది పెట్టినా దేశమంతా గుర్తుపడుతుంది. హృదయ, కృతి లాంటి పేర్లకి ఆర్ యు నాకు నచ్చుతుంది.

శ, ష, స మూడింటినీ ఒడియాలో స గానే పలుకుతారు, అందుకే ఈశ్వర్‌లో హెచ్ ఎగిరిపోతుంటుంది. దీర్ఘాలకి ఈఈ, ఓఓ లు వాళ్ళకి పెద్దగా అలవాటు లేదు. పూర్ణిమ, మీనా ఒక్క యు తో, ఒక్క ఐ తో తిరుగుతాయి. వీటికి పేచీ పడకండి, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం పోవచ్చు.

న్యూమరాలజీ అని చెప్పి వరలక్ష్మిలో రెండో కె, చివర అదనంగా ఇంకో ఐ చేర్చమని అడిగేవాళ్ళూ వస్తారు. నమ్మకం వాళ్ళిష్టం. కానీ ఆ అదనపు అక్షరాన్ని పదిమంది క్లర్కుల్లో తొమ్మిదిమంది తప్పనుకుని దిద్దేస్తారు. అంతగా కావాలంటే ఇంట్లో, పెళ్ళిపత్రికలో రాసుకోండి. బర్త్ సర్టిఫికెట్ జోలికి తీసుకెళ్ళకండి.

ఒక మాటా, రెండు మాటలా

స్పెల్లింగ్ కంటే ఎక్కువ నష్టం చేసేది మధ్యలో ఖాళీ. వర లక్ష్మి అని విడదీసి రాశారనుకోండి, ముందు ఇంటిపేరు పెట్టారనుకోండి. మనకి ఇంటిపేరు ముందు, ఒడిశాలో చివర. కోట వర లక్ష్మి అని ఇస్తే ఫారంలో మూడు గడులుంటాయి: మొదటి పేరు కోట, మధ్య పేరు వర, ఇంటిపేరు లక్ష్మి. పిల్ల బడిలో కోట అయిపోతుంది. బరంపురంలో రావు అనేది ఇంటిపేరై, ఇంట్లో ఆడపిల్లలూ రావులే అయిన కుటుంబాలు చాలానే ఉన్నాయి.

అందుకని పేరు కలిపి ఒకే మాటగా రాయించండి. ఒడిశాలో ఉంటే ఇంగ్లీషులో ఇంటిపేరు చివర పెట్టండి. అదీ పొడి అక్షరంతో వద్దు, పూర్తిగా రాయించండి. పాన్ కార్డు ఫారంలో పేరుకీ ఇంటిపేరుకీ ఇనీషియల్స్ ఒప్పుకోరు, అప్పుడు కె అంటే కోటే అని రుజువు చూపించమంటారు. తెలుగు పద్ధతి పోయిందని బాధపడనక్కర్లేదు, శుభలేఖ మీద ఇంటిపేరు ముందే వేసుకోవచ్చు.

తొందర ఎంత వరకు

ఆసుపత్రిలో డిశ్చార్జ్ రోజున పేరేంటని అడగగానే నోటికొచ్చింది చెప్పేస్తారు చాలామంది. అక్కర్లేదు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాల్సింది జననం. పేరు లేకుండానే నమోదు చేయించుకుని, 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఆలస్య రుసుము ఉండదు. ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ళ వరకు గడువుంది. పదిహేనేళ్ళు ఆగమని నేను చెప్పను, బారసాల అయ్యేదాకా ఆగితే చాలు. మన బారసాల కూడా చాలా ఇళ్ళలో ఇరవై ఒకటో రోజే, ఒడియావాళ్ళ ఎకోఇశియా కూడా ఆ రోజే.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బర్త్ సర్టిఫికెటే ఆధారం. బడిలో చేర్చాలన్నా, రేపు లైసెన్స్ కావాలన్నా పుట్టినతేదీకి దాన్నే అడుగుతారు. బాల ఆధార్ కూడా దాన్ని చూసే చేస్తారు. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. బడి రికార్డు ఆధార్‌తో కలవకపోతే బడి పిల్లలకిచ్చే గుర్తింపు నంబరు, అపార్ ఐడీ దగ్గర పని ఆగిపోతుంది. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్‌కి వెళ్ళిన పేరే పదో తరగతి సర్టిఫికెట్ మీద పడుతుంది, నాకు జె అంటుకున్నది అలాగే. ఆలోచనంతా మొదటి కాగితానికి ముందే చేసుకోవాలి. టైపు పొరపాటుని రిజిస్ట్రార్ దిద్దుతారు, చట్టంలో దానికి వీలుంది. "అప్పుడు ఎక్స్ బావుందనిపించింది, ఇప్పుడు కె ఎస్ హెచ్ కావాలి" అంటే మాత్రం అది పొరపాటు కిందికి రాదు.

బారసాల రోజు నేనూ రాయగడ వెళ్ళాను. పళ్ళెంలో బియ్యం పోసి, పాప తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించారు. ఒడియా మీడియం కదా, క్ష కింద మ ఒత్తు దగ్గర చెయ్యి ఆగింది. అత్తగారు ఆయన వేలు పట్టుకుని తిప్పించారు. భోజనాలయ్యాక ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో మూడు లిపుల్లో రాసిచ్చాను. తెలుగులో వరలక్ష్మి, ఇంగ్లీషులో వి తో మొదలై ఎక్స్ తో ఒకే మాట, ఒడియాలో బ తో. చివర ఇంటిపేరు పూర్తిగా. నోటితో స్పెల్లింగ్ చెప్పవద్దు, ఈ కాగితం చూపించి, సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ మీవైపు తిప్పమనండి అన్నాను.

వారం తర్వాత సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో పంపింది. ఇంగ్లీషు వరస అక్షరం పొల్లుపోలేదు. ఒడియా వరసలో భ ఉంది. కాగితం చూపించారట గాని, అక్కడి కుర్రాడు ఇంగ్లీషు చూసి కొట్టి, ఒడియా వరస దానంతటదే వస్తుందని వదిలేశాడట. "ఫర్వాలేదులే మావయ్యా, ల్యామినేషన్ చేయించేస్తాను" అంది. చేయించకు, ఆ కాగితం పట్టుకుని రేపే మళ్ళీ వెళ్ళమన్నాను. వెళ్ళింది. పాపని చంకనేసుకుని రెండు గంటలు కూర్చుంది. ఇప్పుడు బ పడింది.